నాలుగు పొరల పడవ

మేస్త్రికి ఈ లోకంలో నచ్చింది ఒక్కటే, తన చేతి పని. మిగతావాళ్ళ పనంతా ఆయన లెక్కలో చెత్త కింద జమ. చెక్క పడవలు చేసేవాళ్ళు ఆయన దృష్టిలో పొయ్యిలోకి కట్టెలు కొట్టేవాళ్ళు. ఇక తనలాగే ఫైబరు పడవలు చేసే తోటి మేస్త్రీలంటారా, వాళ్ళ ఊసెత్తితే చాలు, పెదవి ఓ పక్కకి లాగి, "వాళ్ళా! చేస్తారు, పాపం, చేస్తారు," అనేవాడు. ఆ "పాపం"లో ఎంత విషం కలిపేవాడో విన్నవాళ్ళకే తెలుసు.

అందరికంటే ఎక్కువగా ఆయన నోట్లో పడి నలిగినవాడు సొంత బావ, అక్క మొగుడు. ఆయనకి నత్త అని పేరు పెట్టింది మేస్త్రే. ఇరవై నాలుగేళ్ళ కిందట ఇద్దరూ ఇదే పడవల షెడ్డులో పనివాళ్ళు. రేవు వాళ్ళకి జనాన్ని అటూ ఇటూ దాటించడానికి పన్నెండు పడవలు ఒక్కసారే కావాల్సి వచ్చాయి. "మీ ఇద్దరిలో వానల్లోపు ఎవడు ఎక్కువ పడవలు నీళ్ళలోకి దింపితే వాడే ఇక్కడ మేస్త్రి," అన్నాడు అప్పటి షెడ్డు యజమాని. బామ్మర్ది ఎనిమిది దింపాడు. బావ నాలుగు దింపాడు. దాంతో ఒకడు మేస్త్రి అయ్యాడు, ఇంకొకడు నత్త అయ్యాడు.

నత్త ఆ తర్వాత షెడ్డు వంక చూడలేదు, పడవ నడుపుకుని బతికాడు. ఆ నడిపే పడవ కూడా బామ్మర్ది వేసిన ఎనిమిదింట్లో ఒకటి. "నువ్వు వేసినదాంట్లో ఎక్కితే మా అక్క అవతలి ఒడ్డు చేరేసరికి ముసల్దైపోతుంది. నాది తీసుకో," అని పదిమందిలో అని మరీ ఇప్పించాడు. పదిమందీ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

ఆ పడవే ఇప్పుడు కాలింది.

ఇంజనుకి పెట్రోలు వెళ్ళే గొట్టం చిట్లి నిప్పంటుకుంది. అదృష్టం బాగుండి అప్పటికే ఒడ్డు దగ్గరపడింది. ఎక్కినవాళ్ళు పదకొండు మంది మోకాలి లోతు నీళ్ళలోకి దూకి, తిట్టుకుంటూ నడిచి వెళ్ళిపోయారు. బావ ఇసుక పోసి, తడి గోనెలు కప్పి మంట ఆర్పాడు. మర్నాడు నలుగురి సాయంతో పడవని బండి మీదికెక్కించి షెడ్డుకి తెచ్చాడు.

"రా బావా, రా," అని ఎదురొచ్చాడు మేస్త్రి. "నడపడం ఎటూ రాలేదు, కాల్చడమన్నా వచ్చింది. ఏదో ఒక విద్య ఉండాలిగా మనిషికి."

బావ ఖాళీ రెసిన్ జిగురు డ్రమ్ము ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

మేస్త్రి పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బయట రంగు బుడగలెక్కింది తప్ప పడవ ఆకారం చెడలేదు. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చూశావా? కడుపులో కుంపటి పెట్టినా నిలబడింది. అదీ చెయ్యంటే! ఇంకొకడు వేసినదైతే ఈపాటికి నువ్వు నీళ్ళ అడుగున కూర్చుని చేపలకి టిక్కెట్లు చింపుతూ ఉండేవాడివి."

అప్పుడే బయటి నుంచి వచ్చి, చేపల మాట ఒక్కటే విన్న రోలరమ్మ కిసుక్కున నవ్వింది. ఆవిడ ఆ షెడ్డులో పనికి చేరి రెండేళ్ళయింది. నలభై దాటిన మనిషి. రెసిన్ మీద రోలరు లాగడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు. పనితో పాటు మేస్త్రి నోరు కూడా అచ్చు గుద్దినట్టు నేర్చుకుంది.

మేస్త్రి చెక్క సుత్తి తీసుకుని పడవ లోపలంతా మెల్లగా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది. వేడికి పొరలు వదిలేసిన చోట తడి అట్టపెట్టెని తట్టినట్టు మొద్దుగా మోగుతుంది. మొద్దుగా మోగినంత మేరా సుద్దతో గీత గీశాడు. గీత ఇంజను కింద మొదలై, కుడివైపు కడుపు మలుపు మీదుగా చాలా దూరం పోయింది. కడుపు మలుపంటే పడవ అడుగు పక్కకి తిరిగి పైకి లేచే చోటు. ఇసుకకి ఒరుసుకునేదీ అదే, అల దెబ్బ తినేదీ అదే.

"ఈ గీత లోపలిదంతా గీకి తీసెయ్," అని రోలరమ్మకి చెప్పి, తను రెసిన్ చూసుకోవడానికి వెళ్ళాడు.

ఫైబరు పడవలో ఒక సుఖముంది. గాజుదారంతో నేసిన గుడ్డని రెసిన్‌తో తడిపి, అచ్చులో పొర మీద పొర పరుస్తారు. గట్టిపడ్డాక అంతా ఒకటే పలక. ఎన్ని పొరలు వేశావో నీకు తప్ప ఎవరికీ తెలీదు. కానీ నిప్పు పడితే రెసిన్ కాలిపోతుంది, గాజుగుడ్డ కాలదు. అప్పుడు పొరలన్నీ పాత పుస్తకంలో కాగితాల్లా విడివిడిగా లేచివస్తాయి. ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

"మేస్త్రిగారూ! ఓసారి ఇలా రండి!" అని కేకేసింది రోలరమ్మ.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, మాడిన గుడ్డని చేత్తో ఒలుస్తోంది. "ఇది ఒకటి. ఇది రెండు. మూడు. ఇదిగో, నాలుగోది సగం మాడింది. దాని కింద బయటి రంగే! ఏడుండాలి కదండీ? పైన అంచు దగ్గర చూస్తే ఏడూ బుద్ధిగా ఉన్నాయి. కిందికొచ్చేసరికి మూడు మింగేశాడు. కొలిచేవాడు అంచు దగ్గరే కదా కొలుస్తాడు! అబ్బబ్బ, ఏం బుర్రండీ! ఏ పుణ్యాత్ముడు వేశాడు దీన్ని?"

మేస్త్రి చూశాడు. ఏడింట్లో మూడు తగ్గితే పడవకి ఇంచుమించు సగం రోజుల్లో పని అయిపోతుంది. సగం రోజుల్లో అయితే నాలుగు దింపే చోట ఎనిమిది దింపొచ్చు. ఈ లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"ఎవరండీ?" అంది రోలరమ్మ మళ్ళీ.

"ఇంకెవరు? ఆయనే," అన్నాడు మేస్త్రి, గడ్డంతో బావని చూపించి.

మాట ఎంత తేలిగ్గా జారిందంటే, అన్న తర్వాత గానీ తను ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఏ తప్పు కనబడ్డా ఆయన గడ్డం ఆ వైపే తిరిగేది. అలవాటు ప్రకారం ఈసారీ తిరిగింది.

ఇక చూడాలి రోలరమ్మని. నడుం మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది. "ఏమయ్యా పెద్దమనిషీ! పదకొండు మందిని ఎక్కించుకునే పడవకి నాలుగు పొరలా? ఇది పడవా, అప్పడమా? సిగ్గులేకుండా దాంట్లోనే కూర్చుని నడుపుతున్నావు, గుండెలు తీసిన బంటువే నువ్వు! పెళ్ళాన్ని కూడా ఎక్కించుకుంటావు కదా ఇందులో?"

"ఎక్కుతుందమ్మా, రోజూ," అన్నాడు బావ. "అవతల కూరగాయలమ్ముతుంది."

"హవ్వ! పైగా చెప్తున్నాడు చూడు!"

తిట్లన్నీ మేస్త్రి తయారుచేసినవే. ఒక్కోటీ ఆవిడ నోట్లోంచి వస్తుంటే ఆయన గుర్తుపట్టాడు. అప్పడం మాట కిందటేడు తను పక్క షెడ్డు వాళ్ళని అన్నది. బావ తలొంచుకుని అన్నీ విన్నాడు. "ఇది నేను వేసింది కాదు," అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు. రోలరమ్మ గ్రైండరు బిళ్ళ మార్చుకురావడానికి లోపలికి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పాడు.

"మిగతా ఏడూ ఎలా ఉన్నాయిరా?"

"మిగతా ఏడేమిటి?"

"నువ్వు వేసినవి ఎనిమిది. ఇది పోను ఏడు. అన్నీ రేవులో తిరుగుతున్నాయి."

"ఇరవై నాలుగేళ్ళ కిందటి సంగతి బావా. నాకు గుర్తులేదు," అన్నాడు మేస్త్రి. మనం కూడా ప్రస్తుతానికి సరేననుకుందాం.

"గుర్తులేకపోతే పోనీ. ఒడ్డు దగ్గర కాబట్టి దూకి బతికారు. అదే ఏటి నడుమ అంటుకుని ఉంటే, ఇంకో అర పొర మాడటానికి ఎంతసేపురా?"

"నాకు చెప్పొచ్చావా? నాలుగు పడవలు వెయ్యడానికి నాలుగు నెలలు తీసుకున్నవాడివి, నాకు పాఠాలు చెప్పకు," అని మేస్త్రి అటు తిరిగిపోయాడు.

పని ఆరు రోజులు పట్టింది. మాడిన భాగమంతా కోసేశారు. పడవ పక్కన మనిషి దూరేంత కన్నం పడింది. కన్నం అంచుల్ని నిలువుగా వదిలేస్తే కొత్త గుడ్డ పట్టదు కాబట్టి, లోపలివైపు నుంచి జానెడు వెడల్పున వాలుగా అరగదీశారు. షెడ్డంతా తెల్లటి దుమ్ము. చొక్కాలోకి దూరి ఒళ్ళంతా దురద. బయటవైపు మైనం రాసిన పలక బిగించి, వాలు అంతా తుడిచి, మొదటి గుడ్డ చిన్నది, దాని మీద కాస్త పెద్దది, ఆపైన ఇంకా పెద్దది, అలా పరుస్తూ పోయారు. మేస్త్రి రెసిన్ కలిపి బ్రష్షుతో అద్దుతుంటే, గుడ్డలో ఒక్క గాలి బుడగ మిగలకుండా రోలరమ్మ లాగింది. కాలని ఎడమవైపు కడుపు కూడా గీకించి, అక్కడా మూడు పొరలు అదనంగా వేయించాడు మేస్త్రి. పని విషయంలో ఇప్పుడాయనకి వంక పెట్టడానికి లేదు.

వంక పెట్టింది రోలరమ్మ, కానీ బావకే. ఆయన రోజూ వచ్చి అదే డ్రమ్ము మీద కూర్చునేవాడు. "ఇది నాలుగోదన్నా," అనేది ఆవిడ పని ఆపి. "ఇక్కడికి నీ లెక్క అయిపోయిందిగా? మేం మాత్రం తెలివితక్కువవాళ్ళం, ఇంకో మూడు వేస్తాం." ఐదోది వేస్తున్నప్పుడు, "కళ్ళు బాగా తెరిచి చూడు, ఇలాంటిది ఎప్పుడూ చూసుండవు," అనేది. ఆఖరికి మేస్త్రే, "ఊరుకో ఇంక, పని చూడు," అని కసిరాడు. ఆవిడ నోరెళ్ళబెట్టింది. మేస్త్రి ఎదటివాణ్ణి తిట్టొద్దనడం ఆవిడ ఆ షెడ్డులో మొదటిసారి వింది.

ఆరో రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచి షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు మేస్త్రి. ఎదురుగా ఏట్లో, రేవులో అందరూ పొడుగాయన అని పిలిచే మనిషి నడిపే పడవ వస్తోంది. ఏడింట్లో అదొకటి. నీళ్ళు తగ్గి ఇసుక మేట పైకి తేలింది. పడవ నిండా జనం, సైకిళ్ళు, ఒకావిడ ఒళ్ళో చంటిబిడ్డ. మేట పక్కనించి వస్తూ పడవ కడుపు ఇసుక మీద గర్రుమని ఒరుసుకుంది. ఎక్కినవాళ్ళెవరూ పట్టించుకోలేదు, రోజూ వినే చప్పుడే. మేస్త్రికి మాత్రం చేతిలో ముద్ద నోట్లోకి పోలేదు. నాలుగు పొరలు ఇన్నేళ్ళు ఇసుకకి రుద్దుకుంటే ఎన్ని మిగిలి ఉంటాయి? ఆయనకి భయం వేసింది. గిన్నె మూత పెట్టేసి లేచాడు.

మర్నాడు పొద్దున్నే బ్యాటరీ డ్రిల్లు, గ్యాసు బర్నరు పెట్టెలో వేయించి, రోలరమ్మ చేత పట్టించుకుని రేవుకి వెళ్ళాడు. బావ అప్పటికే అక్కడున్నాడు. పడవవాళ్ళంతా తొలి ప్రయాణానికి ముందు టీ తాగుతున్నారు.

"మీ పడవలన్నీ షెడ్డుకి తీసుకురండి," అన్నాడు మేస్త్రి. "వరసగా ఒక్కొక్కటే. కడుపు దగ్గర పొరలు తక్కువున్నాయి. అవి వేసేదాకా జనాన్ని ఎక్కించొద్దు."

టీ తాగేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నత్త వేసిన పడవ నడిపే ఒకాయన గ్లాసు కింద పెట్టేశాడు. "మావేనా మేస్త్రీ? నాకు ముందే అనుమానం. ఇవాళే తెస్తాను."

"నీది కాదు. నీది బాగుంది. మా బావ వేసిన నాలుగూ ఏడు పొరలవే. తక్కువున్నవి నేను వేసినవి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గొల్లుమన్నారు.

"ఒరే, నత్తని వెక్కిరించడానికి కొత్త దారి కనిపెట్టాడ్రా!" అన్నాడొకడు.

"మావి మేస్త్రి చేతి పడవలు స్వామీ, మాకేం దిగులు?" అన్నాడింకొకడు, బావ భుజం మీద చరుస్తూ.

పొడుగాయనైతే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఇరవై నాలుగేళ్ళు నడిపానయ్యా. నువ్వేగా చెప్పావు, ఇది బండరాయికి కొట్టినా రాయే పగులుతుందని?"

చెప్పాడు. ఒకసారి కాదు, వందసార్లు చెప్పాడు. మేస్త్రి వాళ్ళందరినీ చూశాడు. జీవితంలో మొదటిసారి వంకర లేకుండా ఒక మాట చెబితే ఒక్కడూ నమ్మడం లేదు. తన గురించి తను కోసిన కోతలు మాత్రం పొల్లు పోకుండా నమ్మారు. ఇలాంటి దద్దమ్మలు ఇంకెక్కడా ఉండరని తిట్టుకోబోయాడు గానీ, వీళ్ళని అలా తయారుచేసింది ఎవరో గుర్తొచ్చి ఆగిపోయాడు.

పొడుగాయన పడవ నాచు గీకడానికి ఒడ్డు మీద పక్కకి ఒరిగి ఉంది. మేస్త్రి ఇంకేం మాట్లాడకుండా డ్రిల్లు తీసి, గుండ్రంగా కోసే బిళ్ళ బిగించి, నేరుగా వెళ్ళి దాని కడుపు మలుపుకి ఆనించాడు. "ఏయ్! ఏం చేస్తున్నావ్? పిచ్చెక్కిందా?" అని పొడుగాయన గ్లాసు విసిరేసి పరుగెత్తుకొచ్చేలోగా పని అయిపోయింది. బొత్తాం కంటే కాస్త పెద్ద ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని పట్టకారుతో పట్టుకుని బర్నరు మంటలో పెట్టాడు. నల్లగా, కుళ్ళు వాసనతో పొగ లేచింది. మంట తనంతట తాను ఆరిపోయాక, ముక్కని ఒక రాయి మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"నువ్వే ఒలుచుకో," అన్నాడు.

పొడుగాయన గోటితో ఒలిచాడు. ఒక పొర. రెండు. మూడోది ఇసుకకి అరిగి జల్లెడలా ఉన్న నాలుగోదాన్ని పట్టుకుని లేచింది. ఆయన వేళ్ళ మధ్య ఇంకేమీ మిగల్లేదు. ముక్కని తిరగేసి చూశాడు. రాయి మీద వెతికాడు. నవ్విన వాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు నవ్వడం లేదు.

"నాలుగేనా?" అన్నాడు పొడుగాయన.

"ఏడింటికీ అంతే," అన్నాడు మేస్త్రి.

రోలరమ్మ చేతిలో పెట్టె కింద పడేసింది. మేస్త్రి వంక ఒకసారి, బావ వంక ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొడుగాయన మొహం ఎర్రబడింది. పిడికిలి బిగించి మేస్త్రి మీదికి ఒక అడుగు వేశాడు. బావ గబుక్కున మధ్యలోకి వచ్చాడు. "ఆగు, ఆగు. అప్పుడు వాడికి పాతికేళ్ళు కూడా లేవు. ముందూ వెనకా చూడని వయసు. తొందర్లో చేసేశాడు, తర్వాత మర్చిపోయాడు. కావాలని ఎవరు చేస్తారు? గుర్తొచ్చిన వెంటనే వచ్చి చెప్పాడు కదా, అది చూడండి."

పొడుగాయన పిడికిలి కొంచెం సడలింది. "నిజమేనా? మర్చిపోయావా?" అని అడిగాడు. వెనక ఉన్నవాళ్ళు కూడా ఆ మాట కోసమే చూస్తున్నారు. అవునంటే చాలు. నాలుగు తిట్లు తిట్టి, పడవలు షెడ్డుకి తెచ్చి, నెల తిరిగేసరికి మళ్ళీ "మేస్త్రీ" అని పిలుస్తారు. బావ దగ్గరుండి మరీ ఆ దారి చూపిస్తున్నాడు. ఇన్నేళ్ళ ఎకసెక్కాలన్నీ మింగి, ఇవాళ తన తరఫున అబద్ధం ఆడుతున్నాడు. ఆ మంచితనం చూస్తే మేస్త్రికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"మర్చిపోలేదు," అన్నాడు. "ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. మా ఆవిడ గానీ పిల్లలు గానీ అవతలికి వెళ్ళాలంటే వంతెన మీదుగా తిప్పి పంపేవాణ్ణి. గంటన్నర నడక. నీళ్ళ గాలి పడదని వాళ్ళకి ఏదో చెప్పేవాణ్ణి. ఈ ఎనిమిదింట్లో దేన్నీ ఎక్కనివ్వలేదు."

పొడుగాయన చేయి లేవలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. బావ ఇంకా ఇద్దరి మధ్యలోనే, వీపు పొడుగాయన వైపు, మొహం బామ్మర్ది వైపు పెట్టి నిలబడి ఉన్నాడు. నత్త అని పిలిచినప్పుడు నవ్విన మొహం, రోలరమ్మ తిడుతుంటే వంచుకున్న మొహం. ఇప్పుడది నవ్వడమూ లేదు, వంగడమూ లేదు.

"మీ అక్కని ఎక్కనిచ్చావు కదరా," అన్నాడు.